వాచీ వెలిగినప్పుడల్లా

నా చేతి వాచీలో ఒక సెట్టింగు ఉంది. దాన్ని ఆన్‌లో పెడితే వాచీ ముఖం రోజంతా వెలుగుతూనే ఉంటుంది. ఆపేస్తే నల్లగా పడి ఉండి, చెయ్యి పైకి లేచినప్పుడు మాత్రం చటుక్కున వెలుగుతుంది. ఉంచాలా, ఆపాలా అని ఈ ఏడాదిలో నేను పడ్డ తర్జనభర్జన ఎవరికి చెప్పినా నవ్వుతారు. మా ఆయన నవ్వాడు కూడా. "ఉంచితే సాయంత్రానికి ఛార్జింగు అయిపోతుంది, ఆపితే రెండు రోజులొస్తుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అన్నాడు. నిజమే, ఛార్జింగు మాట వరకైతే ఆలోచించడానికి ఏమీ లేదు.

ఆ వాచీ ఆయన కొనిచ్చిందే. నా తొందర చూసి కొన్నాడు. చివరి ముద్ద నోట్లో ఉండగానే చెప్పులు వెతుక్కునే రకాన్ని నేను. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే దాని తోక నేనే అందించేస్తాను. సగం సార్లు తప్పు తోక అందిస్తాను. ఇలాంటిదాన్ని ఏరి కోరి ఫిజియోథెరపిస్టుని అయ్యాను. పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, కాళ్ళూ చేతులూ ఆడించి, నిలబెట్టి, నడిపించడం నా పని. ఆ పనికి అన్నిటికన్నా ముందు కావలసింది ఓపిక.

మాది తాడేపల్లిగూడెం. పొద్దున్నే రైలెక్కి ఏలూరులో దిగి, అక్కడ ఇద్దరిని చూసేదాన్ని. వారానికి మూడు రోజులు కైకలూరు బస్సెక్కి, కొల్లేరు దాటి, కైకలూరు నుంచి కలిదిండి వైపు ఆటోలో ఒక ఊరికి వెళ్ళేదాన్ని. తిరుగు ప్రయాణానికి కైకలూరులో పన్నెండుంపావుకి ఒక బస్సు ఉండేది. అది తప్పిపోతే తర్వాతది ఎప్పుడొస్తుందో బస్‌స్టాండులో అడిగినా చెప్పేవారు కాదు. ఏలూరులో మధ్యాహ్నం నా కోసం ఎదురుచూసేవాళ్ళ వేళలన్నీ తలకిందులయ్యేవి. ఇంత తిరుగుడులో వాచీ మధ్యలో ఆగిపోతే కుదరదని, కొన్న మొదటి వారంలోనే ఆ సెట్టింగు ఆపేశాను. అందులో తప్పేమీ కనబడలేదు నాకు.

ఆ ఊళ్ళో నేను చూసే మనిషి రిటైరైన హెడ్మాస్టరు గారు. ఊరంతా మాస్టారు అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. ఇంటికి మూడు వైపులా చేపల చెరువులు. వరండాలో నిలబడితే చేపల మేత వాసన, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు. నాలుగో వైపు రోడ్డుకి అవతల మిషనరీల కాలంలో కట్టిన చిన్న చర్చి. పిల్లలు లేరు. మాస్టారు, ఆయన భార్య ఇద్దరే ఉండేవాళ్ళు. ఆవిడని నేను అమ్మగారనే పిలిచేదాన్ని.

పక్షవాతం మాస్టారి కుడివైపు తీసుకుంది, దానితోపాటు మాట కూడా తీసుకుంది. బుర్ర చక్కగా పనిచేస్తోంది, మనం అన్నదంతా అర్థమవుతోంది. కానీ చెప్పాలనుకున్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి మిగిలిన మాట ఒక్కటే: "సరేనండి." అది మాత్రం ఎక్కడా తడబడకుండా, అచ్చం పాతరోజుల్లోలా వచ్చేదట. కాఫీ కావాలా అంటే సరేనండి. కాలు నొప్పిగా ఉందా అంటే సరేనండి. మొదటి రోజు నేను పరిచయం చేసుకుంటే ఎడమ చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "సరేనండి" అన్నారు. అలవాటు మీద వచ్చే మాటలు చాలామందిలో అలా మిగిలిపోతాయి. కొందరికి తిట్లు మిగులుతాయి. మాస్టారికి మర్యాద మిగిలింది.

రెండో వారంలో అమ్మగారు నన్ను వంటింట్లోకి పిలిచి అసలు కోరిక చెప్పింది.

"కోత పండగలో స్తోత్ర ప్రార్థన ఎప్పుడూ ఆయనే చేస్తారండి. ఇరవై యేళ్ళ పైమాటే. ఈ యేడు కూడా చెయ్యాలని ఆయనకి ఉందండి. పెద్దది కాకపోయినా ఒక్క ముక్క నిలబడి చెప్పగలిగితే చాలండి."

వరి కోతలయ్యాక వాళ్ళ చర్చిలో జరిగే పండగ అది. ఎవరికి పండింది వాళ్ళు మొదటి భాగం తెచ్చి ముందు పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, ఇప్పుడు చెరువులొచ్చాక టబ్బుల్లో బతికున్న చేపలు కూడా. అవన్నీ అమర్చాక ఊరి పెద్ద ఒకాయన లేచి దేవుడికి వందనం చెబుతాడు. ఆ లేచి నిలబడడం మాస్టారిది. కూర్చుని చెప్పొచ్చు కదండీ అన్నాను. అమ్మగారు నన్ను వింతగా చూసింది. "ప్రార్థన కూర్చుని ఎలా చేస్తారండీ, ఆయన?" అంది.

అప్పటికి పండగకి ఇంకా నాలుగు నెలలుంది. మాస్టారూ నేనూ కలిసి ప్రార్థనని కుదించాం. నేను ఒక్కో మాటా చెబుతుంటే ఆయన తల ఊపి ఒప్పుకున్నారు. చివరికి ఇంత మిగిలింది: "ప్రభువా, ఈ యేటి పంటకు, నీకు వందనాలు." ఆరే మాటలు. మాటలు నేర్పించే డాక్టరు వేరే ఉంటారు, ఏలూరు తీసుకెళ్ళండి అని చెప్పాను. రెండుసార్లు వెళ్ళొచ్చారు. అక్కడివాళ్ళు చెప్పిన పద్ధతిలోనే నిలబడే వ్యాయామంతో పాటు మాటలూ చేయించేదాన్ని.

ఆ వ్యాయామం ఎలా ఉండేదో చెప్పాలి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడతారు. నేను ఎదురుగా నిలబడి, నా ఎడమ చేత్తో ఆయన కుడి చెయ్యి పట్టుకుంటాను. మామూలుగా ప్రార్థనకి కళ్ళు మూసుకుంటారు. కానీ ఆయన కళ్ళు మూసుకుంటే నిలకడ తప్పుతుంది, అందుకని తెరిచే చెప్పాలని నియమం పెట్టాను. ఆయన చూపు తిన్నగా మా ఇద్దరి చేతుల మీద ఉండేది. నా ఎడమ మణికట్టుకి వాచీ.

"ప్రభువా" రావడానికి ఒక నెల పట్టింది. "ఈ యేటి" కొంచెం సులువుగా వచ్చింది. "పంటకు" అనేసరికి మొదట్లో కాలు ఒణికేది. ఆయన కుడివైపు ఒరిగేవారు, నేను వెంటనే చెయ్యి పైకెత్తి ఆపేదాన్ని. ఆ తర్వాత ఆయన ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, ఎంతో మర్యాదగా "సరేనండి" అని కూర్చునేవారు. అలసిపోయారనుకున్నాను. నా నోటు పుస్తకంలో ఆ రోజుల కింద వరసగా "అలసట" అని రాసి ఉంది. మరోసారి లేద్దామా మాస్టారూ అంటే తల అడ్డంగా ఊపి, ఎడమ చెయ్యి గుమ్మం వైపు చూపించేవారు. వెళ్ళిరండి అన్నట్టు.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆయన అలా కూర్చున్న రోజు నాకు హాయిగా ఉండేది. పన్నెండుంపావు బస్సు అందుతుంది. ఒక్కోరోజు కిటికీ పక్క సీటు కూడా దొరికేది. కొల్లేరు మీదుగా వెళుతుంటే రోడ్డు పక్క పెలికాన్లు కనబడేవి, వాటిని ఫోటో తీసి మా ఆయనకి పంపేదాన్ని. ఇంకో పది నిమిషాలు ఉండి, అసలు ఈయన ఎప్పుడూ ఆ మాట దగ్గరే ఎందుకు ఆగుతున్నారు అని చూసి ఉండాల్సింది. నేను కాలేజీలో చదువుకున్నది, పదిహేనేళ్ళుగా చేస్తున్నది ఆ చూడడమే. చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు కోపం వస్తుంది.

పండగ ఆదివారం వచ్చింది. సెలవు రోజైనా వెళ్ళాను. మాస్టారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. బొత్తాలు అమ్మగారు పెట్టబోతే ఒప్పుకోకుండా, ఎడమ చేత్తోనే అరగంట సేపు పెట్టుకున్నారట. ముందు బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, ఒక టబ్బులో కొర్రమేనులు. అవి మధ్యమధ్య తోక కొట్టి ముందువాళ్ళ మీద నీళ్ళు చిందిస్తున్నాయి. వేళ వచ్చింది. నేను పక్కన చేరి చెయ్యి అందించాను. ఆయన లేచారు. చర్చి మొత్తం కళ్ళు మూసుకుంది. మా ఇద్దరి కళ్ళూ, ఆయన మీద దిగులుతో అమ్మగారి కళ్ళూ మాత్రం తెరిచి ఉన్నాయి.

"ప్రభువా" అన్నారు. స్పష్టంగా వచ్చింది. ఎవరో వెక్కారు.

"ఈ... యేటి... పంటకు..."

కాలు ఒణకలేదు. ఆయన గట్టిగానే నిలబడ్డారు. నేనే భయపడ్డాను. ఒరుగుతారేమోనని ముందే చెయ్యి పైకెత్తాను. వాచీ వెలిగింది. ఆయన చూపు దాని మీద పడింది. తర్వాత నా ముఖం వైపు చూశారు. నొచ్చుకున్నట్టు చిన్నగా నవ్వారు. ఇంతమంది ఎదుట నా వల్ల ఆలస్యమైపోతోంది, ఏమనుకోకండి అన్నట్టుంది ఆ నవ్వు. "సరేనండి" అని కూర్చుండిపోయారు.

అందరూ ఆమెన్ అన్నారు. ప్రార్థన అక్కడితో అయిపోయిందనుకున్నారో, అంతవరకైనా చెప్పగలిగారని పొంగిపోయారో తెలియదు. చాలామంది ఏడుస్తున్నారు. నేను ఏడవలేదు. నాకు వాచీ వెలగడం, ఆయన చూడడం, ఆగడం మూడూ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు ఆడుతున్నాయి. నాలుగు నెలల "అలసట" అంతా ఒక్కసారి అర్థమైంది. అయినా నమ్మబుద్ధి కాక, బయట చేపల టబ్బు పక్కన అమ్మగారిని పట్టుకుని, ఆయన ఎందుకు ఆగిపోయారని అడిగాను.

"మీ వాచీ వెలిగింది కదండీ," అంది ఆవిడ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "బస్సు టైం అయితే అది వెలుగుతుందండి. ఇంట్లోనూ అంతే కదండీ. అది వెలగగానే ఆయన ఆపేసేవారు, పాపం మీకు బస్సు తప్పిపోతుందని."

"అమ్మగారూ, అది బస్సు టైముకి వెలగదండీ. నేను చెయ్యెత్తితే వెలుగుతుంది. అంతే. మీరు ఒక్కసారైనా నాతో అనలేదేంటండీ?"

"ఎలా అంటామండీ?" అంది. "అంత దూరం నించి వస్తారు. మీ పనులు మీకుంటాయి. ఇంకాసేపు ఉండండి అని అడిగితే బాగోదు కదండీ."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది. మా జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఇది తట్టకపోవడమే విచిత్రం. మా ఇళ్ళలో వచ్చినవాళ్ళు చేతి వాచీ వైపు చూస్తే చాలు, ఎంత ముఖ్యమైన మాటైనా మధ్యలో ఆపేసి, "మీకు ఆలస్యమవుతోందండి" అని మనమే లేచి నిలబడతాం. అది మా పద్ధతి. నేను నాలుగు నెలల పాటు, రోజుకి పదిసార్లు, ఒక హెడ్మాస్టరు గారి కళ్ళెదుట వాచీ ఎత్తి చూపించాను.

తిరుగు బస్సులో కూర్చోగానే ఆ సెట్టింగు ఆన్ చేశాను. ఇక చటుక్కున వెలగడం ఉండదు కదా, అదెప్పుడూ ఒకేలా ఉంటుంది కదా అనుకున్నాను. చాలా తెలివైన పని చేశానని కూడా అనుకున్నాను.

మర్నాడు వెళ్ళాను. మాస్టారు కుర్చీలో కూర్చుని నన్ను చూసి నవ్వారు. దగ్గరికి వెళ్ళి చెయ్యి అందించాను. ఆయన అందుకోబోయి, వాచీ చూశారు. అది వెలుగుతోంది. కాసేపు చూశారు. ఆరిపోతుందేమోనని చూశారనుకుంటాను. ఆరలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, గుమ్మం వైపు చూపించి, "సరేనండి" అన్నారు. నేనింకా సంచి కూడా కింద పెట్టలేదు.

అమ్మగారు వచ్చి ఆయనకి వివరంగా చెప్పింది. నేనూ చెప్పాను. అది బస్సు కోసం కాదండీ, ఊరికే అలా వెలుగుతుందండీ, మీరు ఎంతసేపు నిలబడితే అంతసేపు ఉంటానండీ అన్నాను. అన్నిటికీ తల ఊపారు. ఆయన మర్యాదకి నా మీద నమ్మకం కన్నా బలం ఎక్కువ. వాచీ వెలుగుతున్నంతసేపూ లేవలేదు.

తీసి సంచిలో పడేశాను. ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఆయన నా ఖాళీ మణికట్టు చూసి, ఎడమ చేతి వేళ్ళతో ఓసారి తడిమి, లేచి నిలబడ్డారు. "ప్రభువా" అన్నారు. "ఈ యేటి పంటకు" అన్నారు. నేను చెయ్యి కదపలేదు. ఏదీ వెలగలేదు. ఆయన ఆగారు. నా మణికట్టు వైపు చూశారు. "సరేనండి" అని కూర్చున్నారు.

మళ్ళీ లేపాను. మళ్ళీ అక్కడే. తర్వాత వెళ్ళినప్పుడూ అక్కడే. వారం తర్వాతా అక్కడే. "నీకు వందనాలు" అని విడిగా అనమంటే అనగలుగుతున్నారు. కలిపి చెప్పమంటే పంటకు దగ్గర చూపు మణికట్టు మీదికి వెళ్ళిపోతుంది, మాట సరేనండిలోకి తిరిగిపోతుంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నేను చెప్పే మొదటి విషయం ఒకటుంది. ఒంటికి తప్పూ ఒప్పూ తెలియదు, మళ్ళీ మళ్ళీ చేయించిందే నేర్చుకుంటుంది, కాబట్టి తప్పు అడుగు ఒక్కటి కూడా పడనివ్వకండి అని. నాలుగు నెలలు నేను చేయించింది ఆ ప్రార్థన కాదు, ఆ ప్రార్థనని సగంలో ఆపడం. ఆయన బుద్ధిగా నేర్చుకున్నారు.

వేసవికి ఆయన కర్ర సాయంతో వరండా దాకా నడవగలిగారు. ఇక మీకు శ్రమ ఎందుకండీ అంది అమ్మగారు. నేను కాదనలేదు. ఏలూరులో వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారు, వాళ్ళకీ నా అవసరం ఉంది, అన్నీ నిజాలే. ఆటో ఎక్కాక వెనక్కి చూస్తే మాస్టారు వరండాలో నిలబడి, ఎడమ చెయ్యెత్తి ఉన్నారు. బస్సు అందుతుందా లేదా అన్న దిగులు ఆయన ముఖంలో ఉంది. నా ముఖంలో లేదు.

అప్పటినుంచీ వాచీ సెట్టింగు ఆన్‌లోనే ఉంచాను. ఎత్తనక్కర్లేకుండా కనబడుతుంది కనుక ఎవరి ముందూ చెయ్యి ఎత్తకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. రోగుల ఇళ్ళలోనైతే అసలు తీసేస్తాను. సాయంత్రానికి ఛార్జింగు అయిపోయి ఆగిపోతుంది. మా ఆయన గొణుగుతాడు.

మొన్న అమ్మగారు ఫోన్ చేసింది. ఇంట్లో వంట చేస్తున్నాను. క్షేమసమాచారాలన్నీ అయ్యాక నెమ్మదిగా అసలు మాటకి వచ్చింది.

"వచ్చే ఆదివారం మళ్ళీ పండగండి. ఆయన నిలబడతానంటున్నారు. పక్కన మీరుంటే ధైర్యంగా ఉంటుందని..."

వచ్చే ఆదివారం ఏముంది, రైలు ఎన్నింటికి అని ఆలోచిస్తూ, "ఆదివారమాండీ, చూస్తానండీ..." అన్నాను. అంటుండగానే నా ఎడమ చెయ్యి దానంతటది పైకి లేచింది. వాచీ వెలుగుతూనే ఉంది. ఎత్తే అవసరమే లేదు. అయినా ఎత్తి, చూసి, దించాను. నేనూ మళ్ళీ మళ్ళీ చేసిందే నేర్చుకున్నాను.

ఫోన్లో ఆవిడకి నా చెయ్యి కనబడదు. నా మాట సాగదీయడం వినబడి ఉంటుంది. "ఫరవాలేదండి, ఫరవాలేదండి, మీ పనులు చూసుకోండి. ఉంటానండి" అని పెట్టేసింది.

పొయ్యి ఆపాను. పది నిమిషాలు అలా నిలబడి, తిరిగి ఫోన్ చేశాను. వస్తున్నానండీ, శనివారమే వచ్చేస్తానండీ, ఆయన పక్కన నేనే నిలబడతానండీ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ. ఇప్పుడే మా ఆడపడుచుని అడిగానండి, తను పట్టుకుంటానంది" అంది అమ్మగారు. ఎంతో సంతోషంగా, నన్ను ఊరడిస్తున్నట్టు ఇంకో మాట కూడా చేర్చింది.

"ఆవిడకి వాచీ లేదండి."

సరేనండి అన్నాను.